తలాతోకా లేని పద్యం, కొంటె బొమ్మ

నడక తప్పదు, ప్రాస తప్పదు, వాక్యం వ్యాకరణం గీత దాటదు. అయినా పాట అయ్యేసరికి చేతికి ఏ అర్థమూ చిక్కదు. ఇలాంటివాటిని తెలుగు ఇళ్ళలో తలాతోకా లేని పాటలంటారు. అర్థరహిత కవిత, అసంగత పద్యం, నాన్సెన్స్ అని విమర్శకులు రకరకాలుగా పిలుస్తూ వచ్చారు గాని ఏ పేరూ నిలబడలేదు. పక్కన నిలిచే చిత్రానికి మాత్రం చక్కని తెలుగు మాట ఉంది: కొంటె బొమ్మ. బాపు గీతకి ఆరుద్ర వాడిన విశేషణం ఇదే.

చెప్పడం చేతకాక అర్థం చెడిన పద్యం ఈ కోవలోకి రాదు. అర్థం ఇదిగో వచ్చేస్తోందని ఊరించి, చివరి క్షణంలో పక్కకి తప్పుకోవడం గొప్ప నేర్పు. హాస్యం, పేరడీ, వ్యంగ్యం దీనికి దగ్గరి చుట్టాలే, కానీ వ్యంగ్యం ఎవరినో ఒకరిని గురిపెడుతుంది. తలాతోకా లేని పాట ఎవరినీ గురిపెట్టదు. వినేవాడు నవ్వాడంటే ఎవరి మీదా కాదు, మాట తన చేతిలోంచి చేపలా జారిపోయినందుకు.

తెలుగులో ఈ ప్రక్రియకంటూ గ్రంథాలయాల్లో ఒక అర లేదు. చాటుపద్యాల్లో కొంత, జానపద గేయాల్లో కొంత, బాలసాహిత్యంలో కొంత, సినిమా సాహిత్యంలో మరికొంత దొరుకుతుంది. అర లేకపోవడంతో అసలు సరుకే లేదనుకున్నవాళ్ళు చాలామంది. ఈ వ్యాసం వాళ్ళ కోసమే.

పండితుల ముంగిట

అర్థం కుదరని మాటల పోగు ఎలా ఉంటుందో చూపడానికి పతంజలి మహాభాష్యంలో దానిమ్మపళ్ళు, అప్పాలు, కుండ, మేకతోలు వరసపెట్టి చెప్పాడు. ఏ మాటకి ఆ మాట అర్థమవుతుంది, కలిపితే వాక్యం కాదు. తర్వాతి ఆలంకారికులు దీన్ని కావ్యదోషాల్లో చేర్చారు. తార్కికులు ఇంకో దారి పట్టారు. లేని వస్తువుకి ఉదాహరణ కావాల్సివచ్చి గొడ్రాలి కొడుకుని, ఆకాశపుష్పాన్ని, కుందేటి కొమ్ముని, ఎండమావి నీటిని పోగుచేసుకున్నారు. వాటన్నిటినీ ఒకే మనిషికి తగిలించిన సంస్కృత శ్లోకమొకటి పండితుల నోళ్ళలో నేటికీ ఉంది. గొడ్రాలి కొడుకు ఎండమావిలో స్నానం చేసి, ఆకాశపుష్పం తలలో తురుముకుని, కుందేటి కొమ్ముతో చేసిన విల్లు పట్టుకుని దర్జాగా నడిచిపోతాడు. తర్కపాఠం కోసం పుట్టిన ఆ మనిషిని చూస్తే నాకు కాగితం మీద ఎవరైనా గీయరా అనిపిస్తుంది.

బొమ్మా పద్యమూ ఒక్కటై పుట్టిన సందర్భం మన అలంకారశాస్త్రంలో ఉంది. పద్మబంధం, నాగబంధం, ఖడ్గబంధం లాంటి బంధకవిత్వంలో అక్షరాలు తామర రేకుల్లోనో, పాము మెలికల్లోనో ఒదిగి కూర్చుంటాయి. చిత్రకవిత్వమన్న పేరు కూడా అందంగా ఉంటుంది. అయితే మమ్మటుడు కావ్యాన్ని ఉత్తమం, మధ్యమం, అధమం అని విడదీసి చిత్రాన్ని చివరి మెట్టు మీద కూర్చోబెట్టాడు. మాటతో ఆడుకోవడం తక్కువ పని అన్న భావన మన విమర్శలో అంత లోతుకి దిగింది.

ఆట మాత్రం ఆగలేదు. అవధానంలో సమస్యాపూరణం దానికి పెద్ద సాక్ష్యం. పృచ్ఛకుడు బొత్తిగా పొసగని పాదం ఒకటి విసురుతాడు, అవధాని మిగతా మూడు పాదాలూ చెప్పి దాన్ని పొసగేలా చెయ్యాలి. తెనాలి రామకృష్ణుడి పేర ప్రచారంలో ఉన్న చాటుకథలో ఇచ్చిన పాదం ప్రకారం ఏనుగుల గుంపు దోమ గొంతులో దూరుతుంది. ఆయన దాన్ని రెండు విధాలుగా పూరించాడంటారు. ఒకసారి అది గంజాయి మత్తులో వాగినవాడి మాటైంది. ఇంకోసారి మహావీరులైన పాండవులు విరాటుడి కొలువులో ఊడిగం చెయ్యాల్సివచ్చిన దుస్థితికి పోలికైంది. పూరణ రెండుసార్లూ అద్భుతమే. కానీ రెండుసార్లూ ఏనుగులు గొంతులోంచి బయటికొచ్చేశాయి. తెలుగు పండితుడి ఘనతంతా పొసగనిదాన్ని పొసగించడంలో ఉంది. ఇంగ్లీషువాడైన ఎడ్వర్డ్ లియర్ అయితే ఏనుగుల్ని అక్కడే ఉంచి, దోమ మొహం ఎలా పెట్టిందో బొమ్మ వేసేవాడు. మన సంప్రదాయానికీ ఆ సంప్రదాయానికీ తేడా అంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

హైదరాబాద్ బేగంపేటలో నిలబడి ఈ దోమ సంగతి చెప్పుకుంటే ఇంకొకటి గుర్తు రాక మానదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టింది ఇక్కడే. ఆ పాత భవనం పరాన్నజీవశాస్త్ర పరిశోధన సంస్థగా ఆయన పేరుతోనే నిలిచింది. 1902లో నోబెల్ బహుమతి అందుకున్న రాస్ పద్యాలు కూడా రాసేవాడు, కనిపెట్టిన ఆనందంలో రాసిన పద్యం ప్రసిద్ధం. చాటుకవి దోమ గొంతులోకి తొంగిచూశాడు, వైద్యుడు కడుపులోకి తొంగిచూశాడు. ఊహకి ఒకటి, శాస్త్రానికి ఒకటి, రెండు ప్రాణులూ తెలుగు నేలవే.

పొసగించకుండా వదిలేసిన పద్యాలూ చాటువుల్లో లేకపోలేదు. పండితుడొకడి గర్వం అణచడానికి రామకృష్ణుడు చెప్పాడంటూ వినిపించే మేకతోక పద్యంలో మేకలూ తోకలూ ఒకదాని వెనక ఒకటి పేరుకుంటూ పోతాయి. ఛందస్సు చెక్కుచెదరదు, భావం పుట్టదు. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అనే అంశం కూడా ఈ తీరుదే. అవధాని ఏకాగ్రత చెడగొట్టడానికి సంబంధం లేని ప్రశ్నలు అడగడమే ఆ పృచ్ఛకుడి పని. సంబంధం లేకపోవడానికి సభలో ఒక కుర్చీ వేసి గౌరవించిన సంప్రదాయం మనది. చాటువులు చదవాలనుకునేవారికి వేటూరి ప్రభాకరశాస్త్రి చాటుపద్యమణిమంజరి మొదటి మెట్టు. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ కలిసి చాటువుల మీద తెచ్చిన ఇంగ్లీషు పుస్తకం 1998లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ప్రచురించింది.

పిల్లల అరుగు మీద

అసలు గని ఇళ్ళలో ఉంది. కాళ్ళాగజ్జె ఆటనే తీసుకోండి. పిల్లలు కాళ్ళు బారజాపుకుని వరసగా కూర్చుంటారు. ఒకరు పాట చెబుతూ ఒక్కొక్క కాలూ తాకుతూ పోతారు. ఆఖరి మాట ఏ కాలి మీద పడితే ఆ కాలు ముడవాలి. పాట అల్లిక చూడండి: ఒక వస్తువు పేరు చెప్పడం, మరుక్షణం అది కాదనడం, కాదన్న మాట మొదటి అక్షరంతోనే ఇంకో వస్తువు ఎత్తుకోవడం. కాదు, కాదు అంటూనే పాట ముందుకి పోతుంది. అక్షరం అక్షరానికి దారి చూపిస్తుంది, అర్థం వెనక నడుస్తుంది. పెద్ద కవులు ముక్తపదగ్రస్తం అని పేరుపెట్టి చేసిన పనికి ఇది పసితనపు తోబుట్టువు.

దీన్ని ఇలా వదిలిపెట్టడానికి మనవాళ్ళకి మనసొప్పదు. ఆ పాటలో గజ్జికి మందు చెప్పారని, ఒక్కో మాటా ఒక్కో మూలిక పేరని వ్యాఖ్యానం పుట్టి బాగా వ్యాపించింది. రాజుగారి ఏడుగురు కొడుకులూ ఏడు చేపల కథకి వేదాంతార్థం చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఆ వ్యాఖ్యానాల్లో తెలివి ఉంది, కాదనను. కానీ మందుచీటీగా పుట్టిందన్న పాట కాళ్ళు ముడిచే లెక్కకి సరిగ్గా ఎలా సరిపోయిందో వాటిలో దొరకదు. ఆట నుంచి పాట పుట్టిందనుకుంటే అన్నీ కుదురుతాయి: దరువు, తాకుడు, ఆఖరి మాట మీద పడే ఊనిక. నలుగురు పిల్లలు ఊపిరి బిగబట్టి తమ కాలి వంతు కోసం చూస్తున్నప్పుడు పాటలో వచ్చే మోదుగనీడకి వైద్యగుణం ఎవరికి కావాలి?

భాషలోనే ఒక యంత్రం ఉంది. పులీగిలీ, పుస్తకంగిస్తకం, పెళ్ళీగిళ్ళీ. ఏ మాటకైనా మొదటి అక్షరం తీసి హ్రస్వమైతే గి, దీర్ఘమైతే గీ పెడితే జోడీ తయారు. వ్యాకర్తలు వీటిని ప్రతిధ్వని పదాలన్నారు. గిలి అనే జంతువు లేదు, అయినా పులీగిలీ వస్తాయేమోనంటే ఆ రెండోది ఏదో నిజంగానే చీకట్లో కదిలినట్టుంటుంది. మూడేళ్ళ పిల్ల కూడా ఈ సూత్రం తప్పకుండా వాడుతుంది. అర్థం లేని మాటని వ్యాకరణబద్ధంగా పుట్టించే సదుపాయం ఇంత చేరువగా ఉన్న భాషలో ఈ ప్రక్రియ లేదనడం ఎలా?

ఈ పాటల్ని పోగుచేసినవారికి మనం రుణపడి ఉన్నాం. వేటూరి ప్రభాకరశాస్త్రి బాలభాష, నేదునూరి గంగాధరం మిన్నేరు, సెలయేరు సంపుటాలు చూడదగ్గవి. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన 1958లో తెలుగు జానపద గేయ సాహిత్యము అనే గ్రంథంగా వచ్చింది. పిల్లల పాటలకి అందులో చోటుంది.

ఇరవయ్యో శతాబ్దపు ఆటగాళ్ళు

ప్రతిధ్వని పదాన్ని అంచు దాటించినవాడు పింగళి నాగేంద్రరావు. 1957లో వచ్చిన మాయాబజార్‌లో తల్పం పక్కన గిల్పం, కంబళి పక్కన గింబళి చేరి, మనిషిని అతలాకుతలం చేసే నిజం వస్తువులైపోయాయి. ఉత్త ప్రతిధ్వనికి ఒళ్ళొచ్చింది. లూయిస్ కారల్ అద్దం వెనక లోకంలో చేసిన పనికి ఇది తీసిపోదు, పైగా ఇంత జనానికి కారల్ మాటలు అందలేదు. అస్మదీయుల్ని విడమరిచి పింగళి చేసిన అసమదీయులు, దానికి జోడీగా తసమదీయులు, మెడలో వేసే వీరతాళ్ళు ఇప్పటికీ ఇళ్ళలో, దినపత్రికల్లో తిరుగుతున్నాయి. తెరమీద సెట్టింగులూ మాయలూ కూడా ఈ మాటలకి కొంటె బొమ్మల్లాగే పనిచేశాయి. ఈ సినిమాని ఈ ప్రక్రియలో భాగంగా చదవకపోతే సగం చరిత్ర పోతుంది.

శ్రీశ్రీ అంటే మహాప్రస్థానమే గుర్తొస్తుంది గాని ఆయన మాటలతో గోలీలాడుకున్న పుస్తకం సిప్రాలి. సిరిసిరిమువ్వలు, ప్రాసక్రీడలు, లిమఋక్కులు అన్న మూడింటి మొదటి అక్షరాలు కలిపితే ఆ పేరొచ్చింది. లిమరిక్కుని వేదంలో ఋక్కుతో ముడేసి లిమఋక్కు అనడంలోనే ఆయన కొంటెతనమంతా ఉంది. ఇక్కడ ఛందస్సు సంగతి కొంచెం ఆగి చూడాలి. తెలుగు పద్యానికి ప్రాస అంటే పాదంలో రెండో అక్షరం. లిమరిక్కుకి ప్రాణం పాదం చివర. అయిదు పాదాల్లో ఒకటీ రెండూ అయిదూ ఒక అంత్యప్రాస, పొట్టివైన మూడూ నాలుగూ వేరొకటి. తలకట్టుకి అలవాటుపడ్డ పద్యాన్ని తోకకట్టుకి మళ్ళించాలన్నమాట. క్రియతో ముగిసే తెలుగు వాక్యంలో అంత్యప్రాస మరీ సులువుగా, ఒకే ప్రత్యయం మళ్ళీమళ్ళీ మోగినట్టు వచ్చిపడుతుంది. సులువైనది చప్పబడుతుంది. ఊహించని నామవాచకాన్ని చివర కూర్చోబెట్టినప్పుడే చమక్కు పుడుతుంది. శ్రీశ్రీకి ఆ కిటుకు తెలుసు.

ఆరుద్ర జానపదం వైపు నుంచి వచ్చాడు. కూనలమ్మ పదం మూడు పొట్టి పాదాలు, మూడింటికీ ఒకే అంత్యప్రాస, నాలుగోది కూనలమ్మని పిలిచే మకుటం. స్నేహితుడు ముళ్ళపూడి వెంకటరమణ పెళ్ళికి కానుకగా, బాపు బొమ్మలతో ఆ పదాల పుస్తకం వచ్చింది. ఆయన ఇంటింటి పజ్యాలకీ బాపే బొమ్మలు వేశాడు. కూనలమ్మ పదాల్లో ఎక్కువవి చురకలే, అర్థం నిండుగా ఉన్నవే. అయినా ఆ పదం కొలతని తలాతోకా లేని పాటకి వాడుకోదలిచిన కొత్త కవికి అంతకంటే మంచి గురువు లేడు. జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రి పేరడీలు కూడా ఇక్కడ చెప్పాలి. ఎదుటి కవి గొంతుని అచ్చంగా పట్టుకుని సరుకు మార్చేసే విద్యలో జరుక్ శాస్త్రి అందెవేసిన చెయ్యి.

ముళ్ళపూడి రాసిన బుడుగు పద్యం కాదు. కానీ ఈ వ్యాసంలో అది లేకపోతే తప్పు. 1950ల నడిమిలో ఆంధ్రపత్రిక వారపత్రికలో మొదలైన ఈ పిల్లాడి సొంత గోడు వచనంలో సాగే తలాతోకా లేని పాటే. శ్రీ జ్ఞానప్రసూనాంబ అనే బరువైన పేరు అతని నోట సీగానపెసూనాంబ అయింది. పెద్దల మాటల్ని ఉన్నవున్నట్టు నమ్మి, వాటిమీద తన తర్కం నిలబెట్టడం బుడుగు పద్ధతి. తర్కంలో తప్పుండదు, పునాదిలోనే ఉంటుంది. కారల్ ఆలీస్ కథలో పాత్రలు వాదించేదీ ఇలాగే.

గీత

1933లో నరసాపురంలో పుట్టిన సత్తిరాజు లక్ష్మీనారాయణ అనే బాపు 2014లో కన్నుమూసేదాకా ఎన్ని వేల బొమ్మలు వేశాడో లెక్క కట్టడం కష్టం. కొంటె బొమ్మ లక్షణాలు నేర్చుకోవాలంటే బుడుగు బొమ్మలొక్కటి చాలు. గీత తక్కువ. నేల గీయడు, మనిషి మాత్రం నేల మీదే నిలబడతాడు. పిలక, నిక్కరు, నడుమ్మీద చెయ్యి అంతే, ధీమా మొత్తం కనిపిస్తుంది. రచన చెప్పినదాన్ని బొమ్మ మళ్ళీ చెప్పదు. రచన దాచినదాన్ని చెబుతుంది, లేదా రచనతో గొడవ పడుతుంది. బాపు చేతిరాత కూడా బొమ్మలో భాగమే, ఆ అక్షరాలు ఇప్పుడు కంప్యూటరు ఖతిగా కూడా వాడుకలో ఉన్నాయి.

బాపురమణలిద్దరూ పసివాళ్ళుగా అడుగుపెట్టింది బాల పత్రికలో. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో ఆ పత్రిక పెట్టారు. పిల్లల రాతల్నీ గీతల్నీ దిద్ది నీతిగా మార్చకుండా అచ్చువేసిన ఔదార్యం వాళ్ళది. 1947 జులైలో మొదలైన చందమామ దారి వేరు. వడ్డాది పాపయ్య రంగుల్లో కల ఉంది. శంకర్ వేసిన విక్రముడి భుజం మీది భేతాళుడిలో గగుర్పాటు ఉంది. చిత్ర వేసిన రాక్షసుల బానపొట్టల్లో కొంటెతనం తొంగిచూస్తుంది. మొత్తం మీద చందమామ బొమ్మ కథకి విధేయురాలు. మాటలే లేకుండా వింతని పుట్టించడంలో కార్టూనిస్టు జయదేవ్ ప్రత్యేకం.

ఇతర దేశాల్లో చాలాచోట్ల పద్యమూ బొమ్మా ఒకే చేతి నుంచి వచ్చాయి. 1846లో తొలి నాన్సెన్స్ పుస్తకం వేసిన లియర్ వృత్తిరీత్యా చిత్రకారుడు. 1873 నుంచి ఏడాదికి పైగా భారతదేశం తిరిగి, 1874లో బొంబాయి పత్రికలో ఒక పద్యం అచ్చువేశాడు. నడుముకి కట్టే కమర్‌బంద్ అందులో భయంకర మృగమైంది. దోబీ, ఆయా లాంటి మనకి రోజువారీ మాటలు వింత జంతువులూ చెట్లూ అయ్యాయి. మన మాటే పరాయి చెవిలో పడితే ఎంత వింతైపోతుందో చూడటానికి తెలుగు పాఠకుడు అది తప్పక చదవాలి. బెంగాల్‌లో సుకుమార్ రాయ్ పద్యాలూ రాశాడు, బొమ్మలూ వేశాడు. ఆయన ఆబోల్ తాబోల్ 1923లో, ఆయన పోయిన కొద్దిరోజులకే వచ్చింది. ముందుమాటలో ఆయన తన పుస్తకం ఖేయాల్ రసానిదని, ఆ రసం గిట్టనివారికి కాదని చెప్పుకున్నాడు. నవరసాల పక్కన ఇంకో పీట వేసిన ఆ ధైర్యం తెలుగులో ఎవరూ చెయ్యలేదు. మైకేల్ హేమన్, సుమన్యు శతపథి, అనుష్క రవిశంకర్ కలిసి 2007లో తెచ్చిన భారతీయ నాన్సెన్స్ సంకలనానికి పదో రసం అని పేరుపెట్టడం వెనక ఆ మాటే ఉంది.

తెలుగులో ఆ పని చేతులు మారి జరిగింది. ఒకరు రాశారు, ఒకరు గీశారు. స్నేహం బలంగా ఉన్నచోట, బాపురమణల్లో, ఇద్దరూ ఒక్కరే అయ్యారు. లేనిచోట పద్యం బొమ్మ కోసం ఎదురుచూస్తూ ఉండిపోయింది.

బేగంపేట నుంచి బయల్దేరితే

ఈ చదువుకి ఒకే గమ్యం లేదు. బేగంపేటలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగితే ఎర్ర లైను, నీలి లైను కలుస్తాయి. ఎర్ర లైనులో ఉస్మానియా మెడికల్ కాలేజీ దాకా వెళితే అఫ్జల్‌గంజ్‌లో 1891లో అసఫియాగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం దగ్గరవుతుంది. ఎంజీబీఎస్‌లో ఆకుపచ్చ లైనుకి మారితే సుల్తాన్‌బజార్‌లో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, నారాయణగూడలో రేడియో అన్నయ్య దంపతుల బాలానంద సంఘం, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర్లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం ఒకే దారిలో వస్తాయి. పాత పత్రికల కోసం ఆదివారం పొద్దున్నే ఆబిడ్స్ పేవ్‌మెంట్లు వెతకాలి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ భారతి, ఆంధ్రపత్రిక లాంటి పాత సంచికల్ని డిజిటల్ చేయించడంతో ఇప్పుడు ఇంట్లో కూర్చునీ చాలా చూడొచ్చు.

గీత నేర్చుకోవాలనుకునేవారికి పంజాగుట్ట నుంచి మాసబ్‌ట్యాంక్ దూరం కాదు. అక్కడి జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో చిత్రకళ, అప్లైడ్ ఆర్ట్ కోర్సులున్నాయి. గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో సరోజినీ నాయుడు స్కూలు లలితకళలది. తెలుగు శాఖ కూడా అక్కడే ఉంది కాబట్టి బొమ్మనీ పద్యాన్నీ ఒకేచోట చదవదలిచినవారికి అది అనువైన చోటు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ సంస్థల్లో బొమ్మలకి వాడే సాఫ్ట్‌వేర్లు నేర్పుతారు. పనిముట్టు అక్కడ దొరుకుతుంది. చెయ్యి మాత్రం రోజూ పెన్సిలుతో గీస్తేనే తిరుగుతుంది. జానపదం వైపు నుంచి రాదలిచినవారికి 1985లో ఏర్పడి, తర్వాత పొట్టి శ్రీరాములు పేరుతో నడిచి, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం, ఉస్మానియా తెలుగు శాఖ ఉన్నాయి. ఇంగ్లీషు వైపు సిద్ధాంతాలకి తార్నాకలో ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ) గ్రంథాలయం. అదే తార్నాక కేంద్రంగా మంచి పుస్తకం సంస్థ పిల్లల కోసం బొమ్మల పుస్తకాలు తెలుగులో తెస్తోంది. లియర్ చిత్రాలు వేల సంఖ్యలో అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయపు హౌటన్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

ఇళ్ళలో పాటలు సేకరించేవారికి ఒక మాట. ఫోనులో గొంతు ఒక్కటీ రికార్డు చేసి ఊరుకోవద్దు. ఏ మాట దగ్గర ఎవరి కాలు తాకారో, ఎక్కడ చక్కిలిగింత పెట్టారో, ఎక్కడ పిల్ల నవ్వడం మొదలుపెట్టిందో పక్కన రాసుకోవాలి. తాతమ్మ చెప్పిన పాఠం, మనవరాలు చెప్పిన పాఠం వేరుగా ఉంటే రెండూ ఉంచాలి, ఒకదాన్ని దిద్ది ఇంకొకటి చెయ్యకూడదు. పత్రికలోంచి పద్యం ఎత్తి రాసుకునేటప్పుడు పేజీ మొత్తాన్ని ఫొటో తీసుకోవాలి, బొమ్మ ఏ మూల ఉందో కూడా తెలిసేలా. పాటకి అర్థమేమిటని తాతమ్మని అడిగితే ఆమె తడబడి ఏదో ఒకటి చెబుతుంది. ఎలా ఆడతారని అడిగితే కొంగు బిగించి, కాళ్ళు బారజాపి కూర్చుంటుంది.